దాచిపెట్టిన బిస్కెట్

మార్చి 4

ఈ రోజు నుంచి నాకు రెండు డైరీలు. ఒకటి ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన నీలం అట్ట పుస్తకం. రోజూ సాయంత్రం అందులో నాలుగు వాటికి టిక్కు పెట్టాలి: ఆకలి, నిద్ర, వికారం, మనసు. ఒక్కోదానికి మూడే గళ్ళు. నిన్నటికంటే మెరుగు, నిన్నటిలాగే, నిన్నటికంటే తక్కువ. నాలాంటి వాగుడుకాయకి మూడు గళ్ళేం సరిపోతాయి? అందుకే వస్తూ వస్తూ ఈ రెండోది కొన్నాను. ఇది నాది, ఎవరికీ చూపించనక్కర్లేదు.

బరువు తొంభై ఒకటి. నర్సు రాసుకుంటుంటే "చెప్పులు విప్పలేదండీ" అన్నాను. "విప్పారు" అంది. "అయితే ఆగండి, చెవిపోగులు తీస్తాను" అన్నాను. ఆవిడ నవ్వాపుకోలేక పెన్ను కింద పడేసుకుంది.

డెబ్భై ఎనిమిదికి దిగాలి. కిడ్నీ ఇచ్చేవాళ్ళ బరువు నా ఎత్తుకి అంతకుమించి ఉండకూడదని కిడ్నీ డాక్టర్లు తేల్చి చెప్పారు. వాళ్ళది వేరే ఆసుపత్రి. చెల్లికీ నాకూ రక్తం కలిసింది, పరీక్షలన్నీ కలిశాయి, అడ్డం వచ్చింది నా నడుమొక్కటే. మూడేళ్ళుగా వారానికి మూడు రోజులు దాని రక్తాన్ని మిషనులో పెట్టి శుభ్రం చేస్తున్నారు. మిషనుకి తగిలించడానికి చేతిలో ఆపరేషన్ చేసి కలిపిన నరం ఇప్పటికి రెండుసార్లు మూసుకుపోయింది. ఇప్పుడున్నది మూడోది. అది ఎన్నాళ్ళుంటుందని అడిగితే డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తాడు.

బిస్కెట్ ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం చేస్తూ బరువు తగ్గడం ఎలా సాధ్యం? నమిలి ఉమ్మేయాలని రూలు ఉంది. నాకు పని నేర్పిన ముక్కు మాస్టారు ముప్పై ఏళ్ళు నిష్ఠగా ఉమ్మాడు, ఎండుపుల్లలా రిటైరయ్యాడు. నేను మింగుతాను.

అందుకే ఈ మందు. ఇంకా బజారులోకి రాలేదు, ఆకలి తగ్గిస్తుందట, మనుషుల మీద పరీక్షిస్తున్నారు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. ఎవరిది ఏదో నర్సుకి కూడా తెలియదు. చెల్లి సంగతి ఫారంలో రాయలేదు. రాస్తే నన్ను తీసుకోరేమోనని భయమేసింది.

పొద్దున ఫ్యాక్టరీలో మొదటి ట్రే బయటికొచ్చింది. పంతొమ్మిదేళ్ళుగా అదే వాసన, అయినా నా కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. వెన్న బిస్కెట్. టప్పున విరిగింది. నాలుక మీద ముందు ఉప్పు, తర్వాత వెన్న, చిట్టచివర్న కాస్త మాడిన చక్కెర. కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మేనేజరు ఎదురుగా నిలబడి, "అమ్మా, ఇది ఉద్యోగం" అన్నాడు.

ఈ ముక్క చెల్లికి చెబితే మంచం మీద దొర్లి దొర్లి నవ్వింది. నవ్వితే దానికి వెక్కిళ్ళొస్తాయి. నీళ్ళు తాగుదామంటే రోజుకి ఇన్నే తాగాలని లెక్క. వెక్కుతూనే "ఇంకోసారి చెప్పవే అక్కా, మేనేజరు మొహం ఎలా ఉందో చేసి చూపించు" అంది. చేసి చూపించాను. బతికుండడం ఎంత బాగుంటుందో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

మార్చి 7

సంతకం పెట్టిన రోజు డాక్టరు గడగడా చెప్పిందేదీ నాకు బుర్రకెక్కలేదు. ఇవాళ రక్తం ఇవ్వడానికి వెళ్ళి నర్సుని పట్టుకున్నాను. ఆవిడ మందుల కాగితం వెనకవైపు రెండు ఉల్లిగడ్డల్లాంటివి గీసింది.

"ఇవి మెదడులో రెండు కణాలనుకోండి. మధ్యలో సన్నటి సందు. ఇటుది చెబుతుంది, అటుది వింటుంది. చెప్పేది మరీ హోరెత్తించిందనుకోండి, వినేది ఊరుకోదు. తన ఒంట్లో కొవ్వులోంచే అప్పటికప్పుడు ఓ పదార్థం తయారుచేసి సందులోంచి వెనక్కి పంపుతుంది. 'చాలు, తగ్గించు' అని. దాన్ని అందుకోవడానికి చెప్పే కణం అంచున రిసెప్టర్లుంటాయి. అందుకోగానే అది గొంతు తగ్గిస్తుంది."

"అన్నీ ముందుకెళితే ఇదొక్కటే వెనక్కొస్తుందన్నమాట."

"అదేనండి. గంజాయిలో మత్తు సరుకు సరిగ్గా ఈ రిసెప్టర్లకే అతుక్కుంటుంది. అందుకే వాటికి ఆ మొక్క పేరు మీదే కన్నాబినాయిడ్ రిసెప్టర్లని పేరు పడింది."

"అంటే నా తలకాయలో గంజాయి తోట ఉందా?"

"తోట కాదండి బాబూ, మీ సొంత సరుకు. అందులో ఒకదానికి ఆనందం అన్న మాట కలిపే పేరు పెట్టారు. గంజాయి పీల్చినవాళ్ళకి ఆకలి దంచేస్తుందంటారు కదా, అది ఈ రిసెప్టర్ల వల్లే. మా మాత్ర దానికి ఎదురు. రిసెప్టర్లో కూర్చుని తలుపు మూసేస్తుంది. ఆకలి తగ్గుతుంది."

"మరి ఆ 'చాలు' అన్న మాట మిగతా పనులక్కూడా వినబడదుగా? వాటి సంగతేంటి?"

నర్సు కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "అది తెలుసుకోవడానికేనండీ నీలం పుస్తకం."

ఇంటికొచ్చి చెల్లికి చెప్పాను. నా గదికీ దాని గదికీ మధ్య ఒకటే గోడ. నేను రేడియో గట్టిగా పెడితే అటునుంచి రెండుసార్లు తడుతుంది, నేను తగ్గిస్తాను. చిన్నప్పటినుంచీ అంతే. "ఓసి, ఇదే కదా!" అంది. "నీ మాత్ర నా చెయ్యి కట్టేయదు, నీ చెవిలో దూది కుక్కుతుంది. నేనెంత తట్టినా నీ రేడియో మోగుతూనే ఉంటుంది." నాకు పది నిమిషాలు చెప్పినా అర్థం కానిది దీనికి ఒక్క క్షణంలో అర్థమైంది. చదివించి ఉంటే డాక్టరయ్యేది.

మార్చి 19

ఎనభై ఎనిమిదిన్నర!

అన్నం సగంలో వదిలేశాను. కావాలని కాదు, అక్కర్లేకపోయింది. జీవితంలో మొదటిసారి. నాది అసలు మాత్రే, సందేహం లేదు. చెల్లి నా నడుం చుట్టూ టేపు పెట్టి కొలిచి, "ఇక్కణ్ణుంచే వస్తోందిగా నా కిడ్నీ, దారి క్లియరవుతోంది" అంది.

ఇవాళ బిస్కెట్ నమిలి ఉమ్మేశాను. మాస్టారు చూస్తే ఆనందబాష్పాలు రాల్చేవాడు.

మార్చి 30

86. మనసు: నిన్నటిలాగే.

ఏప్రిల్ 5

ఫ్రీజర్లోంచి దాచిన ప్యాకెట్ తీయలేదు.

ప్రతి రకానికీ బాగా కుదిరిన రోజు ప్యాకెట్ ఒకటి ఫ్రీజర్లో దాచి ఉంచుతాం. రోజూ కొత్త బిస్కెట్‌ని దానితో పోల్చాలి. ముందు ఇది, నీళ్ళు, తర్వాత అది. మాస్టారు నేర్పిన మొదటి పాఠమే అది. ఈమధ్య రెండు ముక్కలు నమలడం పెద్ద చాకిరీలా ఉంది. నిన్నటి రుచి నాలుక మీద ఉండనే ఉంటుంది కదా, దానితో పోల్చేస్తున్నాను. పంతొమ్మిదేళ్ళ అనుభవం ఆమాత్రం పనికిరాదా? నిన్నటిలాగే ఉంది, పాస్ చేశాను.

ఏప్రిల్ 9

చెల్లి ఏదో జోకు వేసింది. నేను నవ్వలేదని రెండోసారి చెప్పింది. అప్పుడు నవ్వాను.

ఏప్రిల్ 12

84. అందరూ మెచ్చుకుంటున్నారు. ప్యాకింగ్‌లో పనిచేసే ఆవిడైతే రహస్యమేంటో చెప్పమని ప్రాణం తీస్తోంది. కొత్త బట్టలు కొనుక్కోమంది. కొనుక్కుని ఏం చేయను?

అలసటగా ఉంటోంది. తిండి తగ్గింది కదా, మరి అలసట ఉండదా? ఎండలు కూడా ముదిరాయి. మనసు: నిన్నటిలాగే.

ఏప్రిల్ 13

నిన్నటిలాగే.

ఏప్రిల్ 14

నిన్నటిలాగే.

ఏప్రిల్ 20

చెల్లి చేతిలో నరం దగ్గర వాచింది. మిషను దగ్గర నర్సులు ముగ్గురు చేరి నొక్కి చూశారు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "ఇంకో చోటు వెతకాల్సి వస్తుందేమో. అయినా చోట్లు మాత్రం ఎన్నని ఉంటాయి?" అంది పెద్ద నర్సు. చెల్లి ఆవిడతో "పోనీ కాలి బొటనవేలు చూడండి, అది ఖాళీగానే ఉంది" అంది. వాళ్ళు నవ్వారు. నేను ఆ వాపునే చూస్తూ నిలబడిపోయాను.

ఇంకా ఆరు కిలోలు. ఇంకా ఆరు. పొద్దుటినుంచి అదే మాట. బస్సులో అదే, ట్రే దగ్గర అదే, పళ్ళు తోముకుంటుంటే అదే. ఇంకా ఆరు, నరం మూసుకుంటే, ఇంకా ఆరు, నరం మూసుకుంటే. ఆపుదామంటే ఆగదు. ఇంతకుముందు కూడా భయపడ్డాను, దాని రెండో నరం పోయినప్పుడు వెక్కివెక్కి ఏడ్చాను కూడా. కానీ ఏడ్చాక తగ్గేది, లేచి టీ పెట్టుకునేదాన్ని. ఇప్పుడు తగ్గడం లేదు.

నర్సుకి చెబితే ప్రయోగంలోంచి తీసేస్తుంది. మనసు: నిన్నటిలాగే. అబద్ధమేం కాదు. నిన్న కూడా ఇలాగే ఉంది.

ఏప్రిల్ 24

రేడియో అమ్మేశాను. ఎలాగూ వినడం లేదు. ఖాళీ అయిన చోటు చెల్లి చేత్తో తడిమింది. తర్వాత "మరి నేను గోడ తట్టేదెట్లా?" అంది. నేను అటు తిరిగి పడుకున్నాను.

ఏప్రిల్ 29

81.

మే 2

సాయంత్రం గోడ మీద రెండుసార్లు చప్పుడైంది. రేడియో లేదుగా, ఎందుకు తడుతోందో అనుకున్నాను. మళ్ళీ తట్టింది. లేవలేదు. తర్వాత అదే వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏమయిందే అక్కా నీకు?" అంది. "ఏమవుతుంది, కాస్త నీరసం" అన్నాను. "నువ్వు గంటనుంచి 'ఇంకా మూడు, ఇంకా మూడు' అని పైకే అంటున్నావు" అంది.

అననేలేదు. ఇది కలలు కంటోంది.

మే 4

ఆసుపత్రిలో బరువు చూసుకుంటూ నర్సుని మాటల్లో అడిగాను. "మా ఆఫీసులో ఒకాయన అడుగుతున్నాడండీ. చనిపోయినవాళ్ళ కిడ్నీ తీసేటప్పుడు కూడా బరువు చూస్తారా?"

"అంత పట్టింపు ఉండదనుకుంటా. కానీ ఆ కిడ్నీలు వరసలో ఎవరి వంతైతే వాళ్ళకెళ్తాయి. ఇష్టమొచ్చినవాళ్ళకి ఇవ్వడానికి ఉండదు. అసలు అన్నిరకాల చావులకీ తీయడం కుదరదు కూడా" అంది. నావైపు చూసి, "ఎవరండీ ఆయన?" అని అడిగింది.

"లెక్కలు రాసే ఆయన" అన్నాను. ఆవిడకి అన్నీ తెలుసా ఏంటి? సొంత అక్క అయితే వేరేగా ఉంటుంది.

మే 5

పోయినవాళ్ళకి బరువు లెక్క లేదు.

మే 6

పోయినవాళ్ళకి బరువు లెక్క లేదు. మిగిలినవన్నీ కలిశాయి. అడ్డం నేనే.

మే 9

బీరువా సర్దాను. చెల్లి మందుల కాగితాలన్నీ తేదీల ప్రకారం ఒక ఫైలులో పెట్టాను. గ్యాసువాడి నంబరు, కరెంటు బిల్లు ఎక్కడ కట్టాలి, మిషనుకి తీసుకెళ్ళే ఆటో ఆయన నంబరు, అన్నీ పెద్దక్షరాలతో రాసి వంటింటి తలుపుకి అంటించాను. చెల్లి చూసి "ఎక్కడికైనా ఊరెళ్తున్నావా?" అని అడిగింది. "ఇల్లు శుభ్రంగా ఉండాలి కదా" అన్నాను.

ఇవాళ ప్రాణం హాయిగా ఉంది. ఇన్నాళ్ళకి మోత ఆగింది. మనసు: నిన్నటికంటే మెరుగు. నీలం పుస్తకంలో ఆ గడిలో టిక్కు పెట్టడం ఇదే మొదటిసారి.

79.2.

మే 11

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున వెళ్ళగానే మేనేజరు తన గదిలోకి పిలిచాడు. బల్ల మీద వెన్న బిస్కెట్ పెట్టెలు గుట్టగా పోసి ఉన్నాయి. దుకాణాలవాళ్ళు తిప్పి పంపారట. అట్టముక్క తిన్నట్టుందని ఒకడు, ఇదివరకటి బిస్కెట్‌లా లేదని ఒకడు ఉత్తరాలు రాశారు. కుర్చీలో ముక్కు మాస్టారు కూర్చుని ఉన్నాడు. రిటైరయ్యాక ఫ్యాక్టరీలో అడుగుపెట్టడం ఇదే మొదలు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఇదేంటమ్మాయ్, ఇలా అయిపోయావు?" అన్నాడు.

"తగ్గాను మాస్టారూ."

"తగ్గడం గురించి కాదు నేనంటోంది" అన్నాడు.

మేనేజరు విషయం చెప్పాడు. పిండిలోకి వెన్న వచ్చే గొట్టం లోపల గడ్డకట్టుకుపోయింది. ఒక్కరోజులో కాదు, ఆరు వారాలుగా రోజుకింత. వెన్న తగ్గిన కొద్దీ పిండి బరువు సరిపెట్టేసింది మిషను. రంగు బాగుంది, తూకం బాగుంది. పట్టుకోవాల్సింది ఒక్క నాలుకే. "రోజూ మీరే పాస్ చేశారమ్మా. నలభై రెండు సంతకాలు" అన్నాడు. కసిరినట్టుగా కాదు, మామూలుగానే.

"నిన్నటిలాగే ఉంది సార్. ఏ రోజు చూసినా నిన్నటిలాగే ఉంది" అన్నాను.

మాస్టారు నా చెయ్యి పట్టుకుని పరీక్ష గదికి తీసుకెళ్ళాడు. ఫ్రీజర్లోంచి దాచిన ప్యాకెట్ ఆయనే తీశాడు. దాని మీద నా చేతిరాతే, మార్చి నాలుగో తేదీ. ఆ రోజు ట్రే నాకు అంత నచ్చి దాచానన్నమాట. చల్లదనం పోయేదాకా ఇద్దరం కూర్చున్నాం. తర్వాత నిన్నటి బిస్కెట్ చేతిలో పెట్టాడు. నమిలాను. నీళ్ళు ఇచ్చాడు. తర్వాత మార్చి నాలుగుది.

రెండూ బావున్నాయని గానీ బాలేవని గానీ అనిపించలేదు. ఇష్టం అనేది నాలో ఎక్కడా లేదు. కానీ ఇష్టంతో పనిలేకుండా నాలుకకి ఒక చదువు ఉంటుంది, పంతొమ్మిదేళ్ళ చదువు. ఒకదానిలో వెన్న ఉంది. ఒకదానిలో లేదు. అంత తేడా ఉంది. తల కొట్టేసినట్టయింది.

"నీకేం చెప్పాను మొదటిరోజు?" అన్నాడు మాస్టారు.

"నిన్నటిదానితో పోల్చకు అన్నారు."

"ఎందుకన్నాను?"

"నిన్నటిదానితో పోలిస్తే అన్నీ నిన్నటిలాగే ఉంటాయి కాబట్టి."

అనేశాక నా మాట నాకే వినబడింది. నీలం పుస్తకం గుర్తొచ్చింది. మూడు గళ్ళు. అరవై ఎనిమిది రోజులుగా నేను పెట్టిన టిక్కులు. చేతిలో మిగిలిన ముక్క బల్ల మీద పెట్టేసి గబుక్కున లేచాను. మాస్టారు ఉద్యోగం పోతుందని భయపడుతున్నాననుకున్నాడు పాపం, మేనేజరుతో నేను మాట్లాడతాలే అన్నాడు. నేను సెలవు చెప్పి బస్సెక్కాను.

ఇంటికొచ్చి ఈ పుస్తకం మొదటి పేజీ తీశాను. చెవిపోగులు తీస్తానందట ఎవరో. కాళ్ళు వాటంతటవే నడిచాయట. చెల్లికి వెక్కిళ్ళు. బతికుండడం ఎంత బాగుంటుందో అని రాసి ఉంది. నా చేతిరాతే. మూడుసార్లు చదివాను, ఆ మనిషి ఎవరో నాకు తెలియలేదు. తర్వాత మే తొమ్మిది చదివాను. "ప్రాణం హాయిగా ఉంది" అన్నది ఎందుకు రాశానో నాకు తెలుసు. ఇందులో కూడా విడమర్చి రాయలేదు, కానీ తెలుసు.

ఇంకా రెండు కిలోలు. కాదు, ఉన్నది డెబ్భై తొమ్మిదీ రెండు వందల గ్రాములు. లెక్క కూడా తప్పుతున్నాను. ఇంకా ఒక కిలో రెండు వందల గ్రాములు. ఒక్క కిలో. రెండు వారాలు నోరు మూసుకుంటే చాలు. రెండే వారాలు. చెల్లి చెయ్యి వాచి ఉంది. రెండు వారాలు నేను ఆగగలనా?

ఆగలేను. ఇది రాయడానికి అరగంట పట్టింది. ఆగలేను.

గోడ దగ్గరికెళ్ళి రెండుసార్లు తట్టాను.

మే 12 (ఆసుపత్రి)

చెల్లి నిన్న ఈ పుస్తకం మొత్తం చదివింది. ఎవరికీ చూపించనక్కర్లేదని రాసుకున్నదాన్ని నేనే దాని చేతిలో పెట్టాను, నోటితో చెప్పడం చేతకాక. మే ఐదు దగ్గర ఆగింది, మళ్ళీ ఆఖరిదాకా చదివింది. పుస్తకం మూసి నా వీపు మీద ఒక్కటేసింది. డయాలసిస్ చేతితోనే.

"నాకు కావాల్సింది నీ కిడ్నీయే గాని నీ శవం కాదే! ఎవరడిగారే నిన్ను? నువ్వు పోతే నేనా కిడ్నీ పెట్టుకుని ఎవరితో వాగను? గోడతోనా?"

అది ఏడుస్తుంటే నేను చూస్తూ కూర్చున్నాను. నాకు ఏడుపు రాలేదు. రాలేదని కూడా దానికి చెప్పాను. అప్పుడది ఏడుపాపి ఆటో ఆయనకి ఫోన్ చేసింది, తలుపు మీద నేనంటించిన నంబరు చూసి.

నర్సు మే నాలుగు పేజీ చదివి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "ఆ రోజే నాకు తట్టాల్సిందండీ" అంది. డాక్టరు ఆఖరిదాకా చదివి, మాత్ర ఇప్పుడే ఆపేస్తున్నామన్నాడు. మనసు డాక్టరు ఇంకొకావిడ వచ్చింది. ఇంటికి పంపలేదు. చెల్లి సంగతి ఫారంలో ఎందుకు దాచారని అడిగారు. ఎందుకు దాచానో వాళ్ళకీ తెలుసు.

మే 15

నాది అసలు మాత్రే. ఎవరిది ఏ మాత్రో రాసి సీలు వేసి ఉంచిన చీటీ విప్పి చూశారు.

మొదటి రోజు ఎలా ఉన్నారు, ఇప్పుడెలా ఉన్నారు అని నర్సు మిగతావాళ్ళందరికీ ఫోన్లు చేసిందట. నీలం పుస్తకాల్లో "నిన్నటిలాగే" అని పెట్టినవాళ్ళలో ఇంకా ఐదుగురు దొరికారట. ప్రయోగం ఆపేశారు. ఆవిడ చెబుతూ నా చెయ్యి వదల్లేదు. నాకు ఏమీ అనిపించలేదు. మంచిదే అనుకోవాలని తెలుసు.

మే 18

నిన్నటిలాగే. కాదు. మార్చి నాలుగు కంటే చాలా తక్కువ. ఇకనుంచి ఇలాగే రాయాలి.

మే 23

ఇంటికొచ్చాను. చెల్లి నన్ను ఒంటరిగా వదలడం లేదు. మిషనుకి వెళ్ళేటప్పుడు కూడా వెంట తీసుకెళ్తోంది, పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంటోంది. ఎవరు ఎవరికి తోడు వస్తున్నారో అక్కడి నర్సులకి అర్థం కావడం లేదు. చేతిలో నరాన్ని ఎలాగో సరిచేశారు. ఎన్నాళ్ళంటే ఆ డాక్టరు మళ్ళీ కిటికీలోంచి చూశాడు.

కిడ్నీ డాక్టర్లకి అంతా చెప్పేశాం. ఆరు నెలలదాకా నన్ను లెక్కలోకి తీసుకోరట, బరువు ఎంతున్నా సరే. ఆ తర్వాత మనసు డాక్టరు ఒప్పుకుంటే చూస్తారట. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాను. అంతా నా వల్లే పాడైందన్నాను. చెల్లి పక్కన కూర్చుని, "ఆరు నెలలు మిషను మీద ఉండడం నాకు కొత్తా ఏంటి? నువ్వు లేకుండా ఉండడం కొత్త" అంది.

జూన్ 1

పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఊరికే ఏడుపొచ్చింది. చాలాసేపు ఏడ్చాను. తర్వాత తగ్గింది. తగ్గింది! లేచి టీ పెట్టుకున్నాను.

జూన్ 8

82. భయమేసింది. చెల్లికి చెప్పకుండా బరువు తూచే మిషను మంచం కిందికి తోశాను. అది వెతికి పట్టుకుంది.

జూన్ 17

ముక్కు మాస్టారు వచ్చాడు. నేను మళ్ళీ చేరేదాకా ఆయనే రుచి చూస్తున్నాడట, మేనేజరు కాళ్ళావేళ్ళా పడ్డాడట. గొట్టం మార్చేశారు. కొత్త బిస్కెట్లు డబ్బా నిండా తెచ్చి బల్ల మీద పెట్టాడు. వెంట ఆ పాత ప్యాకెట్లో మిగిలిన రెండు కూడా తెచ్చాడు, మార్చి నాలుగువి. "పోల్చి చెప్పు, తొందరేం లేదు" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం చెల్లీ నేనూ బల్ల దగ్గర కూర్చున్నాం. ముందు పాతది. నీళ్ళు. తర్వాత కొత్తది. ఉప్పు తెలిసింది. కాసేపటికి వెన్న. మాడిన చక్కెర దాకా వెళ్ళలేకపోయాను, అది ఇంకా ఎక్కడో దూరంగా ఉంది. రెండూ ఒకటేనని చెప్పాను. నమిలింది మింగేశానని అప్పుడు గమనించాను.

ఇంకోటి కావాలనిపించింది. అవసరమై కాదు, పోల్చడానికి కాదు, ఊరికే కావాలనిపించింది. చెల్లి వైపు చూశాను. "తినవే, నీ మొహం మేనేజరు మొహంలా ఉంది" అంది. ఆ మాటకి నవ్వొచ్చింది. నవ్వి చూపించాల్సిన పని లేకుండానే వచ్చింది. అది నన్ను చూసి నవ్వి వెక్కడం మొదలెట్టింది.

రెండోది తిన్నాను. మూడోదానికి చెయ్యి చాచాను. చెల్లి వెక్కుతూనే డబ్బా తనవైపు లాక్కుని, బల్ల మీద వేళ్ళతో రెండుసార్లు తట్టి "చాలు" అంది.

వినబడింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.